దించని బట్టీ

పెళ్ళి మాటలప్పుడు మా నాయనకు వాళ్ళు చెప్పింది, పిల్లవాడికి కంపెనీలో ఉద్యోగమని. ఉండటానికి కంపెనీవాళ్ళ పెంకుటిల్లు, వాకిట్లో కొళాయి, తలుపు మీద నెంబరు. నందికొట్కూరు పక్క మా రేగడి పల్లెలో ఏ ఇంటికీ నెంబరు ఉండేది కాదు. అందుకని ఆ నెంబరు మాట మా నాయనకు భలే నచ్చింది. తీరా పోయి చూస్తే వాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఇల్లుంది, కొళాయి ఉంది, నెంబరుంది. కంపెనీయే లేదు.

కర్నూలు రాజధాని అయిందని అందరూ గొప్పగా చెప్పుకుంటున్న ఏడాది అది. బేతంచెర్ల స్టేషన్‌లో రైలు దిగి, ఎద్దుల బండెక్కి, మిట్టల మధ్య ఒక మలుపు తిరిగేసరికి నేలంతా తెల్లబడింది. దారి తెల్లన, దారి పక్క కంపచెట్లు తెల్లన, కంప మీద తలాడిస్తున్న తొండ కూడా తెల్లన. నల్లమట్టిలో పుట్టి పెరిగిన నాకు ఆ తెలుపు చూస్తే కళ్ళు నొప్పి పుట్టాయి. రెండు వరుసల ఇళ్ళు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఒక్క పొయ్యి పొగ లేదు, ఒక్క కుక్క మొరగలేదు.

"అందరూ యాడికి పోయినారు?" అని అడిగాను. కొత్త పెళ్ళికూతురు నోరు తెరవకూడదంటారు. నా నోరు ఎప్పుడూ నా మాట వినలేదు.

"పోయినారు," అన్నాడు నా మొగుడు.

సంగతి తర్వాత మెల్లగా తెలిసింది. ఎప్పుడో ఒక దొర వచ్చి అక్కడి సున్నపురాయిని తవ్వించి, బట్టీల్లో కాల్చి, రైలు పెట్టెల్లో ఊళ్ళకు పంపే కంపెనీ పెట్టాడట. కూలీలకు ఇళ్ళు కట్టించాడు. వాళ్ళల్లో సగం మంది కిరస్తానీలు కాబట్టి చిన్న చర్చి కూడా కట్టించాడు. తర్వాత సిమెంటు వచ్చింది. సున్నానికి గిరాకీ పడిపోయింది. దొర తన దేశానికి పోయాడు. కూలీలు నాపరాయి గనులకు పోయారు. చర్చిలో బల్లలు కూడా ఎవరో తీసుకుపోతే నేల మీద వాటి కాళ్ళ గుర్తులు మిగిలాయి. ఇదంతా ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాయడం నా మొగుడి ఉద్యోగం. ఆ రెండు వరుసల్లో ఉన్న మనుషులం ముగ్గురమే. నేను, నా మొగుడు, మా అత్త.

అత్తలేని కోడలు ఉత్తమురాలని సామెత చెప్తారు గదా. నాకు అత్త ఉంది, పైగా మాట్లాడటానికి ఇంకో ప్రాణి లేదు. అందుకని ఇద్దరం పొద్దున్నే మొదలుపెట్టి పొయ్యి ఊదడం దగ్గర్నుంచి పేడ ఎత్తడం దాకా అన్నిటికీ పోట్లాడుకునేవాళ్ళం. ఆ పోట్లాటే లేకపోతే అక్కడ నాకు పిచ్చి పట్టేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఎందుకంటే ఆ ఊరి నిశ్శబ్దం మామూలుది కాదు. బట్టీల దగ్గరికి పోయి "ఓయ్" అంటే ఆ పిలుపు వెంటనే తిరిగి వచ్చేది కాదు. కాసేపు ఆగి, ఎవరో ఆలోచించుకుని పలికినట్టు, లోపల్నుంచి "ఓయ్" అని వచ్చేది. ఒకసారి సరదాకి పిలిచాను. రెండోసారి పిలవలేదు.

ఇంకొకటి, గంట. రైలు పట్టా ముక్కను ఒక కమ్మీకి వేలాడదీసి, పొద్దున పనికి రమ్మని ఒకసారి, మధ్యాహ్నం తిండికి పొమ్మని ఒకసారి, సాయంత్రం ఇళ్ళకు పొమ్మని ఒకసారి కొట్టేవారట. కంపెనీ మూతపడినా, కొట్టవద్దని నా మొగుడికి ఎవరూ చెప్పలేదు. అందుకని అతను కొడుతూనే ఉన్నాడు. ఎవరూ లేని ఇళ్ళ మధ్య ఆ గంట మోగితే, పెంకుల కింది పావురాళ్ళన్నీ ఒక్కసారి లేచేవి. ఎవరి కోసం కొడుతున్నావయ్యా అని దెప్పితే, "కొట్టాల గదా" అనేవాడు.

ఆ మధ్యాహ్నం గంట మోగగానే మా అత్త చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసేది. గిన్నెలో సంగటి ముద్ద పెట్టి, పైన ఊరిబిండి పచ్చడి వేసి, గుడ్డ కప్పి, ఎండలో నడిచి బట్టీల దిక్కు పోయేది. చివరి బట్టీకి ఎదురుగా ఒక బండ ఉంటే దాని మీద కూర్చునేది. కాసేపు కూర్చుని, అదే గిన్నె తెచ్చి, చల్లారిన ఆ సంగటి తనే తినేది. మొదటి వారం చూసి ఊరుకున్నాను. తర్వాత నా మొగుణ్ణి పట్టుకుని అడిగాను.

అప్పుడు చెప్పాడు, మెల్లగా, ముక్కలు ముక్కలుగా.

మా మామ ఆ కంపెనీలో నిప్పు మేస్త్రీ. బట్టీ నిలువునా బావిలాగా ఉంటుంది. పైనుంచి ఒక వరుస రాయి, ఒక వరుస బొగ్గు పోస్తూ ఉంటే కింద కాలుతూ ఉంటుంది. పొగ రంగు చూసి ఎప్పుడు రాయి పోయాలో, ఎప్పుడు కింది నుంచి సున్నం దించాలో చెప్పేది ఆయనే. పైన రాయి గట్టిగా కనిపిస్తుంది గానీ లోపల ఒక్కోసారి గుల్లబారి ఉంటుంది. ఒకనాటి మధ్యాహ్నం ఆయన చివరి బట్టీ మీద ఉండగా గంట కొట్టారు. కూలీలంతా తిండికి దిగారు. తిరిగి వచ్చేసరికి మేస్త్రీ లేడు. కంపెనీవాళ్ళు పని మానేసి ఎటో పోయాడని పేరు కొట్టేశారు. కూలీలు మాత్రం ఆ బట్టీని దించేది లేదని మొండికేశారు. ఒక్కరూ పార పట్టుకోలేదు. చివరికి పైనా కిందా మట్టి మెత్తి, దాన్ని అట్లాగే మూసేశారు. కొన్నాళ్ళకు కంపెనీయే మూతపడింది.

చిన్నప్పుడు అల్లరి చేస్తే మా అమ్మ "బొక్కలు సున్నం చేస్తా" అని అరిచేది. మా పల్లెలో అందరి తల్లులూ అరిచే తిట్టే. ఆ కథ విన్న రోజు నుంచి ఆ మాట నా నోట రాలేదు. నా పిల్లలను ఎన్ని తిట్లు తిట్టానో లెక్క లేదు గానీ ఆ తిట్టు తిట్టలేదు.

మా అత్త మాత్రం ఆయన పోలేదనేది. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకునేది, చేతులనిండా పచ్చ గాజులు వేసుకునేది. ఎవరన్నా అనుమానంగా చూస్తే సున్నం తడిపే కళ్ళానికి తీసుకుపోయి, బోర్లించిన గంప ఎత్తి చూపించేది. అక్కడ గట్టిపడిన సున్నంలో ఒక అడుగు ఉంది. ఎడమ కాలు, చిటికెన వేలు లేదు. మా మామకు ఆ వేలు రాయి పడి పోయిందట.

"చూడు, వేళ్ళు యా తట్టుకుండాయో. గేటు తట్టు. ఆయప్ప నడుచుకుంటా పోయినాడు. పోయినోడు రాకుండా యాడికి పోతాడు?" అనేది.

ఆ అడుగు ఏనాటిదో ఎవరికి తెలుసు? రోజూ ఆ కళ్ళంలో తిరిగిన మనిషి గదా. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చేది. ఆమె ముఖం చూసి మింగేసేదాన్ని.

ఎండాకాలంలో ఒకనాడు మేక తప్పిపోతే వెతుక్కుంటూ కళ్ళం దిక్కు పోయాను. మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. ఆ తెలుపు మీద ఎండ పడితే నీడలు కూడా కనిపించవు. గంప పక్కకు తీసి ఉంది. అడుగు తడిగా ఉంది. అంతకు ముందు చూసినప్పుడు అంచులు పగిలి, మడమ దగ్గర రాలిపోయి ఉన్న అడుగు, ఇప్పుడే ఎవరో కాలు పెట్టి తీసినట్టు నిగనిగలాడుతోంది. వాన పడి నెలలైంది. చుట్టూ ఇంకో అడుగు లేదు.

నేను దయ్యాలను నమ్మే రకం కాదని అప్పటిదాకా గొప్పలు చెప్పుకునేదాన్ని. ఆ గొప్పలన్నీ అక్కడే వదిలి, చెప్పులు కూడా వదిలి పరిగెత్తాను. ఇంటి వెనక తొట్టి దగ్గర మా అత్త చేతులు కడుక్కుంటోంది. కిందికి పోతున్న నీళ్ళు పాలలాగా తెల్లగా ఉన్నాయి.

"ఏమ్మే, అట్ల పరిగెత్తుకోని వస్తాండావు?" అంది.

"కళ్ళంలో కాలు... తడిగా ఉండాది," అన్నాను.

"ఎండకు పగుల్తాది గదా. కొంచెం సున్నం తడిపి పూస్తి," అంది. చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది.

భయం పోయింది గానీ దాని స్థానంలో వచ్చింది ఇంకా బరువుగా ఉంది. ఏటా ఆమె చేత్తోనే దిద్దుతూ వస్తోంది. ఆ వేళ్ళు, ఆ మడమ, ఆ లేని చిటికెన వేలు, అన్నీ. ఆ రాత్రి ఆమెతో పోట్లాడలేదు. ఒంట్లో బాగాలేదా అని ఆమే అడిగింది.

ఆ తర్వాత ఏడాది మా చినమామ, అంటే మామ తమ్ముడు, ఇద్దరు కులపెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కూతురికి కుదిరిన సంబంధాలన్నీ తప్పిపోతున్నాయి. సోదెమ్మను అడిగిస్తే, ఇంటి పెద్ద నీళ్ళు లేక నాలుక ఎండి తిరుగుతున్నాడని చెప్పిందట. కనిపించకుండా పోయినవాడికి పన్నెండేళ్ళు చూసిగానీ కర్మ చేయకూడదు. అన్నేళ్ళు ఆగితే నా బిడ్డ ముసలిదవుతుందని ఆయన బాధ. మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి, దాన్నే దహనం చేసి, కర్మ జరిపిస్తామన్నాడు. అంటే మా అత్త బొట్టు చెరపాలి, గాజులు పగలగొట్టాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి ఉన్నాడో పోయాడో తేలకుండానే ఇంకో మనిషి గాజులు పగలగొట్టడం ఏ ఊరి న్యాయం? పిల్ల పెళ్ళికి అడ్డమొచ్చింది మా అత్త చేతి గాజులా? పెద్దల ముందు గట్టిగా మాట్లాడలేక గిన్నెలు గట్టిగా పెట్టాను. నా మొగుడు తల వంచుకుని కూర్చున్నాడు.

మా అత్త వాళ్ళను కళ్ళానికి తీసుకుపోయి గంప ఎత్తింది. చినమామ చాలాసేపు వంగి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, నువ్వు చదువుకున్న పిల్లవు. ఇది నిజంగా ఉన్నిందేనా?"

నేను చదివింది మూడో తరగతి. "నేను ఈ ఇంటికొచ్చిన పొద్దు నుంచీ ఉండాది మామా," అన్నాను. మా అత్త నా వైపు చూడలేదు.

పెద్దలిద్దరూ మెత్తబడ్డారు. ఇంకొన్నాళ్ళు చూద్దామన్నారు. అందరం ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాం. గండం గడిచిందని నేను సంతోషంగా నీళ్ళిచ్చాను. మా అత్త తమలపాకులు, వక్కలు పళ్ళెంలో పెట్టి మరిది ముందుకు జరిపింది. ఆయన ఆకు తుడిచి, చూపుడు వేలితో పళ్ళెంలో వెతికాడు.

"ఏం వదినా, సున్నపు బట్టీల్లో కాపురముంటా, ఇంట్లో చిటికెడు సున్నం లేదా?"

"లేదు."

"మరి నువ్వెట్ల నములుతావు ఆకు?"

"నేను సున్నం తినను. ఆ పొద్దు నుంచి తినలే."

ఆమె మామూలుగానే అంది. అన్న తర్వాత తనే విన్నది. చేతిలో ఆకు అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. చినమామ ముఖంలో నవ్వు పోయింది. "యా పొద్దు నుంచి వదినా?" అని మెత్తగా అడిగాడు.

మా అత్త బట్టీల దిక్కు చూస్తూ చెప్పింది. "గంట కొట్టినారు. నేను సంగటి గిన్నె ఎత్తుకోని వస్తాండా. కూలోళ్ళంతా దిగినారు, ఆయప్ప ఒక్కడే పైన ఉండాడు. నన్ను చూసి చెయ్యి ఎత్తినాడు. కాలిలో ముల్లిరిగితే తీసుకుందామని తల వంచితి. తలెత్తితే పైన ఎవరూ లేరు. పొగ నల్లగా వచ్చింది. వాసన మారింది." ఆకును పళ్ళెంలో పెట్టేసింది. "మళ్ళా తెల్లగా వచ్చింది."

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు నా మొగుడు. అతని గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"చెప్తే పోయినట్టే గదా నాయనా," అంది.

చినమామ పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. నేను ఆయన మీద పెంచుకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆయన పోగొట్టుకున్నదీ అన్ననే.

"ఎప్పుడు జేస్తారో జేయండి," అంది మా అత్త. "ఆకుల బొమ్మ మాత్రం వద్దు. ఆయప్ప ఈడనే ఉండాడు."

మర్నాడు పొద్దున్నే చివరి బట్టీ కింద సున్నం దించే గవాక్షం తెరిచారు. మట్టి మెత్తిన చోట నా మొగుడు గడ్డపారతో కొట్టాడు. లోపల్నుంచి చప్పగా, పొడిగా ఒక గాలి వచ్చి ముఖాలకు తగిలింది. అన్నేళ్ళుగా అక్కడే ఆగిపోయిన గాలి అది. లోపల అంతా తెలుపు. బొక్క లేదు, గుడ్డ పీలిక లేదు. కాలిన రాళ్ళు, పోసినవి పోసినట్టే, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. చూస్తూ ఉంటే అవే మనల్ని చూస్తున్నట్టు అనిపించి నేను కళ్ళు తిప్పుకున్నాను.

మా అత్త వంగి లోపలికి చెయ్యి పెట్టింది. ఒక రాయి ముట్టి వదిలేసింది. ఇంకొకటి ముట్టి వదిలేసింది. మూడోదాన్ని రెండు చేతులతో బయటికి తీసింది. కొబ్బరికాయంత ఉంది. "ఇది," అంది.

"ఎట్ల తెలుసత్తా?" అన్నాను. నోరు ఊరుకోదు గదా.

పొడి గుడ్డలో చుట్టి కొత్త కుండలో పెట్టి, మూకుడు మూసి, మైనం పూశాం. కాలిన సున్నపురాయికి తడి తగలకూడదు. తుంగభద్రలో కలపడానికి కర్నూలుకు రైల్లో పోయాం. మా అత్త కుండను ఒళ్ళో పెట్టుకుని, చెమట చేతులు తగలకుండా కొంగుతో పట్టుకుని కూర్చుంది. ఎదురు బల్ల మీద కూర్చున్న రైతు ఒకడు ఆకూ వక్కా తీసి, కుండలో ఏముందమ్మా అని అడిగాడు.

"సున్నం," అంది మా అత్త.

"అట్లయితే రవ్వంత ఈమ్మా, మా సున్నపు డబ్బీ ఊర్లోనే మరిచిపోతి."

నా మొగుడు కిటికీ దిక్కు తల తిప్పుకున్నాడు. చినమామ లేవబోయాడు. మా అత్త ఆ రైతును ఏమీ కోప్పడలేదు. "ఇది తినే సున్నం కాదు నాయనా," అని కుండను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

ఏటి ఒడ్డున అయ్యవారు ఏవో చెప్పిస్తూ ఉంటే నా మొగుడు చేశాడు. ఎండాకాలం కాబట్టి నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు. అస్థికలు కలిపేది కొడుకని అయ్యవారన్నాడు. మా అత్త వినలేదు. నీళ్ళలోకి దిగి, గుడ్డ విప్పి, ఆ రాయిని రెండు అరచేతుల్లో పెట్టి ముంచింది. నేను పక్కనే నిలబడ్డాను.

మొదట ఏమీ కాలేదు. రాయి రాయిలాగే ఉంది. తర్వాత లోపల్నుంచి చిన్నగా టప్‌మని చప్పుడయ్యింది. ఇంకొకటి. రాయి నెర్రెలు విచ్చింది. ఆ నెర్రెల్లోంచి బుడగలు లేచాయి. చుట్టూ నీళ్ళు తెల్లబడి, సలసలమని ఉడకడం మొదలుపెట్టాయి. నీళ్ళ మీద నుంచి ఆవిరి లేచింది. అయ్యవారు మంత్రం మధ్యలో ఆపి రెండడుగులు వెనక్కి వేశాడు. మా అత్త చేతులు తీయలేదు. కాలుతుందత్తా, వదులు, వదులు అని అరిచి నేనే ఆమె మణికట్లు పట్టి లాగాను. గాజుల మీద నుంచి నా చేతికే ఆ వేడి తగిలింది. అరచేతులు కందిపోయి ఉన్నాయి.

ఆమె నా వైపు తిరిగింది. ఆశ్చర్యపోయిన ముఖం.

"వెచ్చగా ఉండాడే పాపా," అంది. "ఇప్పుడే పోయినాడు. ఒళ్ళు ఇంగా సల్లబడ్లే."

అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళకు, శవాన్ని ముందర పెట్టుకుని ఏడ్చినట్టు, ఆయన్ను పేరు పెట్టి పిలుస్తూ, రొమ్ము బాదుకుంటూ ఏడ్చింది. నేను ఆమెను నడుం చుట్టూ పట్టుకుని నిలబెట్టాను. నా వెనక నా మొగుడు నీళ్ళలోనే కూలబడి, ఆ తెల్లటి నీళ్ళను రెండు చేతులా దగ్గరికి లాక్కుంటూ, "నాయనా" అని పిలిచాడు.